కామిక్సూ మాంగా: కన్ను ఎలా నడవాలి, ఏది ముందు పట్టుకోవాలి

ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్ మొదటి పేజీలో నాలుగే గడులు, ఒక్కో గడిలో రెండేసి మాటలు. ఆ ఎనిమిది మాటల్లో ఒక గ్రహం అంతరిస్తుంది, శాస్త్రజ్ఞులైన తల్లిదండ్రులు బిడ్డను రాకెట్‌లో పంపేస్తారు, ఆ బిడ్డ భూమ్మీద ఓ మంచి దంపతుల చేతికి చేరతాడు. ఇప్పుడు స్లామ్ డంక్ తీయండి. 31 వాల్యూముల ఆ మాంగాలో (మాంగా అంటే జపాన్ కామిక్స్, ఇక్కడ ఉత్త కామిక్స్ అంటే ఎక్కువగా అమెరికన్‌వి) చివరి బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఒక్కటే ఐదారు వాల్యూములు మింగేస్తుంది. ఆట ఇంకొన్ని క్షణాల్లో ముగుస్తుందనగా పేజీలకు పేజీలు ఒక్క మాటైనా లేకుండా సాగుతాయి.

ఒకదానికి అలవాటుపడినవాళ్లు రెండోది పట్టుకుని పది పేజీలకే పక్కన పెట్టేయడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. మాంగా చదివేవాళ్లకు కామిక్స్ ఊపిరి సలపనివ్వవు. కామిక్స్ చదివేవాళ్లకు మాంగాలో ఏమీ జరగనట్టే ఉంటుంది. బొమ్మల శైలి తేడా తర్వాతి సంగతి. ముందు పేజీల లెక్క చూడాలి.

పేజీల లెక్క

అమెరికన్ కామిక్ ఇష్యూ, అంటే సంచిక, మామూలుగా నెలకొకటి వస్తుంది. అందులో కథ 20 నుంచి 22 పేజీలు, మిగతావి ప్రకటనలు. వారపత్రికలో వచ్చే మాంగా అధ్యాయం 18 నుంచి 20 పేజీలు. అంటే నెల తిరిగేసరికి మాంగా రచయిత చేతిలో దాదాపు 80 పేజీలుంటే అమెరికన్ రచయిత చేతిలో అందులో పావు వంతు ఉంటాయి. పావు వంతు చోటులో కథ నడపాలంటే కుదించక తప్పదు. అందుకే ఒకే గడిలో వ్యాఖ్యానం, సంభాషణ, వెనక గోడ మీద పోస్టర్, మూలన ఇంకో చిన్న సంఘటన అన్నీ ఇరుక్కుంటాయి. మాంగాలో మనిషి తలుపు తెరవడానికే మూడు గడులు ఖర్చుపెట్టొచ్చు: చెయ్యి, పిడి, తెరుచుకున్న సందులోంచి వెలుతురు.

చేసేవాళ్ల లెక్క కూడా వేరే. అమెరికన్ పద్ధతిలో కథ ఒకరు రాస్తారు, పెన్సిల్ బొమ్మ ఒకరు వేస్తారు, ఇంకు ఇంకొకరు దిద్దుతారు, రంగులు ఒకరివి, అక్షరాలు మరొకరివి. చాలాసార్లు పాత్ర కంపెనీ సొత్తు. అందుకే బ్యాట్‌మ్యాన్‌కు ముగింపు ఉండదు, రచయితలే మారుతూ పోతారు. మాంగా ఎక్కువగా ఒక్క మనిషి పేరు మీద నడుస్తుంది. వెనకదృశ్యాలు, టోన్ (నీడల కోసం వాడే చుక్కల పొర) అతికించడం సహాయకులు చూసుకున్నా కథ ఆ ఒక్కరిదే, కాబట్టి దానికో ముగింపు ఉంటుంది. దీన్ని కూడా నియమంగా పట్టుకోవద్దు. 1992లో కొందరు చిత్రకారులు కలిసి ఇమేజ్ కామిక్స్ పెట్టుకున్నదే తమ పాత్రలు తమ దగ్గరే ఉండాలని.

మాంగా పేజీ మీద కన్ను ఎలా నడవాలి

పుస్తకాన్ని మనకు వెనక అట్ట అనిపించే వైపు నుంచి తెరవాలి. చాలా ఇంగ్లిష్ అనువాదాల్లో పొరపాటున అటువైపు తెరిస్తే, తప్పు వైపు తెరిచారని హెచ్చరించే పేజీ కూడా ఉంటుంది. కుడివైపు పై గడితో మొదలుపెట్టి ఎడమకు వెళ్లాలి, వరస అయ్యాక కిందికి దిగి మళ్లీ కుడినుంచి. గడి లోపల మాటల బుడగలకూ ఇదే నియమం: కుడివైపున, పైన ఉన్నది ముందు.

చిక్కంతా గడులు ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు. ఆ చోట గడుల మధ్య ఖాళీల వెడల్పు చూడండి. ఒక వరసకూ దాని కింది వరసకూ మధ్య ఉండే అడ్డం ఖాళీ వెడల్పుగా, పక్కపక్క గడుల మధ్య నిలువు ఖాళీ సన్నగా ఉంచడం మాంగా గీసేవాళ్ల అలవాటు. సన్నటి ఖాళీ దాటి పక్కకు వెళ్లండి, వెడల్పాటి ఖాళీ వస్తే కిందికి దిగండి. నిలువు ఖాళీ ఎక్కడా తెగకుండా పొడవుగా కిందికి సాగితే, ముందు కుడివైపు గడులన్నీ పైనుంచి కిందికి చదివి, ఆ తర్వాత ఎడమవైపుకు వెళ్లాలి. ఈ ఒక్క సంగతి తెలిస్తే తడబాటు చాలావరకు పోతుంది. ఒక వాల్యూమ్ పూర్తయ్యేలోపు కన్ను దానంతటదే అలవాటు పడుతుంది.

గడుల మధ్య ఖాళీ తెల్లగా కాక నల్లగా ఉంటే అది సాధారణంగా గతం. గడికి గీత లేకుండా బొమ్మ కాగితం అంచు దాకా పారితే అక్కడ కాలం నెమ్మదించిందనో, ఆ చోటు విశాలమైనదనో అర్థం. బుడగ లేకుండా బొమ్మ మీదే ఉన్న మాటలు ఎక్కువగా మనసులోని మాటలు.

బుడగలు పొడుగ్గా, సన్నగా ఎందుకుంటాయని చాలామందికి అనుమానం. జపనీస్ పైనుంచి కిందికి నిలువుగా రాస్తారు, బుడగ దానికి సరిపడా గీసింది. అందులో ఇంగ్లిష్ అడ్డంగా కుక్కితే మాట మధ్యలో విరుగుతుంది, అక్షరాలు చిన్నబోతాయి. అది అనువాదకుల అలక్ష్యం కాదు.

శబ్దాల దగ్గర తెలుగువాళ్లకు ఒక లాభం ఉంది. ఇంగ్లిష్‌లో శబ్దాన్ని పలికే మాటలున్నాయి కానీ శబ్దమే లేనిదాన్ని అలా పలికించడం తక్కువ. జపనీస్‌లో ‘కిరాకిరా’ అంటే మన మిలమిల, తళతళ. మెరుపుకు చప్పుడు ఉండదు, అయినా మాట ఉంది. ‘డోకిడోకి’ అంటే గుండె దడదడ. ‘షీన్’ అని పేజీ నిండా రాస్తే అది చప్పుడే లేకపోవడం. ఇవి బొమ్మలో భాగంగా చేత్తో గీసినవి కాబట్టి కొన్ని అనువాదాల్లో అలాగే వదిలేసి పక్కన చిన్నగా అర్థం ఇస్తారు. ఆ చిన్న అక్షరాలు వదిలేయకండి. గదిలో అందరూ ఒక్కసారిగా నోరు మూసుకున్నారన్న సంగతి అక్కడే ఉంటుంది.

ఇక వేగం. మాంగా వాల్యూమ్ సుమారు 190 పేజీలు, గంటలో అయిపోవచ్చు. అది అలా అయిపోవడానికే గీసింది. మాటలు లేని పేజీని మాత్రం మాటలున్న పేజీ అంత సేపూ చూడండి.

కామిక్స్ పేజీ ఇంకో రకం

ఇక్కడ పరుగెత్తితే నష్టపోతారు. మాంగాకు అలవాటైన కన్ను బుడగలు మాత్రమే ఏరుకుని పేజీ తిప్పేస్తుంది. కామిక్స్‌లో సగం కథ చతురస్రపు వ్యాఖ్యాన పెట్టెల్లో, రంగుల్లో, అక్షరాల ఆకారంలో ఉంటుంది. ముందు మాటలు ఒకసారి చదివి, పేజీ తిప్పేముందు బొమ్మలు మాత్రమే మళ్లీ ఒకసారి చూసి వెళ్లడం మంచి పద్ధతి.

వాచ్‌మెన్ అనే సూపర్‌హీరో కామిక్‌ను దగ్గరగా చూద్దాం. పేజీ చాలాచోట్ల మూడు వరసలు, వరసకు మూడు గడులు, మొత్తం తొమ్మిది. గడియారం టిక్కుమన్నట్టు ఒకే లయ. వీధిలో పత్రికలమ్మే ముసలాయన మాట్లాడుతుంటాడు, పక్కనే ఒక కుర్రాడు సముద్రపు దొంగల కామిక్ చదువుకుంటుంటాడు. ఆ లోపలి కామిక్ మాటలు బయటి బొమ్మల మీద పడుతుంటాయి. రెండూ కలిపి చదివేస్తే తల తిరుగుతుంది. పెట్టె అంచు చూస్తే తేలిపోతుంది: పాత తోలుకాగితంలా అంచులు చుట్టుకుపోయిన పెట్టె దొంగల కథది. నీలం బుడగ డాక్టర్ మన్‌హట్టన్ అనే పాత్రది, చిరిగిన కాగితంలాంటి పెట్టె రోర్‌షాక్ అనే పాత్ర డైరీ. ప్రతి అధ్యాయం చివర, ఆఖరిదానికి తప్ప, బొమ్మల్లేని వచనం కొన్ని పేజీలుంటుంది. విసుగేసినా దాటేయకండి, కథకు కావలసిన ముక్కలు అందులో ఉన్నాయి. ఐదో అధ్యాయం పూర్తయ్యాక మొదటి పేజీనీ చివరి పేజీనీ పక్కపక్కన పెట్టి, గడుల అమరిక అద్దంలో చూసినట్టు ఎలా తిరగబడిందో చూడండి.

ద శాండ్‌మ్యాన్‌లో నల్ల బుడగలో తెల్ల అక్షరాలు కనిపిస్తే మాట్లాడుతున్నది స్వప్నరాజు. ఈ రకం సంకేతాలు అక్షరాలు రాసేవాళ్ల పనితనం. వాళ్ల పేరు అట్ట మీద చాలాసార్లు కనిపించదు, లోపలి పేజీల్లో వెతుక్కోవాలి.

కొనేటప్పుడు జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువ మోసపోయేది ‘వాల్యూమ్ 1’ అన్న మాట దగ్గర. కంపెనీలు వీరుల పత్రికలను మళ్లీ మళ్లీ ఒకటో నంబరు నుంచి మొదలుపెడుతుంటాయి. 2011లో బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ పత్రికల కంపెనీ డీసీ తన సూపర్‌హీరో పత్రికలన్నిటినీ ఒకేసారి ఒకటి నుంచి మొదలుపెట్టింది. అందుచేత బ్యాట్‌మ్యాన్ వాల్యూమ్ 1 అని రాసున్న పుస్తకాలు చాలా ఉన్నాయి, ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం ఉండక్కర్లేదు. వాల్యూమ్ నంబరును పట్టించుకోకుండా రచయిత పేరు, చిత్రకారుడి పేరు, కథ పేరు చూడండి. వెనక అట్ట మీదో హక్కుల పేజీలోనో ఈ పుస్తకంలో ఏ ఇష్యూలున్నాయో రాసి ఉంటుంది. అసలు గుర్తింపు అదే. బ్యాట్‌మ్యాన్: ఇయర్ వన్ అంటే 1987లో వచ్చిన 404 నుంచి 407 దాకా నాలుగు ఇష్యూలు. ఆ నంబర్లుంటే సరైన పుస్తకం.

మాంగాలో ఇదే చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. మాన్‌స్టర్ మామూలు ముద్రణలో 18 వాల్యూములు, పర్ఫెక్ట్ ఎడిషన్‌లో 9. ఒసాము తెజుకా గీసిన బుద్ధ జపాన్‌లో 14 వాల్యూములు, ఇంగ్లిష్‌లో 8. పాత ముద్రణ మూడో పుస్తకం చదివి కొత్త ముద్రణ నాలుగోది కొంటే మధ్యలో పెద్ద ముక్క ఎగిరిపోతుంది. ఏ ముద్రణతో మొదలుపెడితే చివరిదాకా దాన్నే పట్టుకోండి.

పాత ఇంగ్లిష్ మాంగా అనువాదాలు కొన్నిటిలో ఎడమనుంచి చదువుకోవడానికి వీలుగా పేజీ మొత్తాన్ని అద్దంలోలా తిప్పేశారు. అలాంటిది చేతికొస్తే గుర్తుపట్టడం తేలిక: కత్తి పట్టినవాళ్లంతా ఎడమచేతి వాటమే. ఇంకో గుర్తు కిమోనో. బతికున్న మనిషికి ఎడమ అంచు పైకి వచ్చేలా కడతారు, కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది శవానికి. పేజీ తిప్పేస్తే ఊరంతా శవాలే. బ్లేడ్ ఆఫ్ ది ఇమ్మోర్టల్ నాయకుడి బట్టల మీద స్వస్తిక ఉంటుంది, తిప్పితే అది నాజీల గుర్తు దిశకు మారుతుంది. అందుకే ఆ అనువాదంలో పేజీలు తిప్పకుండా గడులను కత్తిరించి చోటు మార్చారు. ఎంచుకునే వీలుంటే తిప్పని ముద్రణే తీసుకోండి.

మూడు వాల్యూములు ఒకటిగా కుట్టిన లావు మాంగా సంపుటాలు చవకే. కానీ మధ్యమడతలో బొమ్మ మునిగిపోతుంది, బాగా విప్పితే జిగురు పగిలి పేజీలు ఊడతాయి. రెండు పేజీల బొమ్మలు ఎక్కువగా ఉండే కథలకు ఇవి పనికిరావు. అమెరికన్ ఓమ్నిబస్‌లు (చాలా ఇష్యూలు కలిపిన లావు సంపుటాలు) కుట్టు మెరుగ్గా ఉన్నా ఒళ్లో పెట్టుకుని చదవలేనంత బరువు, బల్ల కావాలి.

ఫోన్‌లో చదివేవాళ్లు ముందుగా యాప్‌లో పేజీ దిశ కుడినుంచి ఎడమకు ఉందో లేదో చూడండి. పైనుంచి కిందికి ఆగకుండా జారే పద్ధతి వెబ్‌టూన్‌లకు, అంటే తెర మీద జార్చి చదవడానికే గీసే కామిక్స్‌కు సరిపోతుంది, మాంగాకు సరిపోదు. భయపెట్టే బొమ్మను పేజీ తిప్పగానే కనిపించేలా దాచి ఉంచడం ఇందులో పెద్ద విద్య. జున్జి ఇతో ఉజుమాకి మొత్తం దాని మీదే నిలబడింది. జారుడులో ఆ బొమ్మ కింది అంచు నుంచి మెల్లగా తొంగి చూస్తుంది, భయం చచ్చిపోతుంది. నలుపు తెలుపు చుక్కల టోన్ మీద అలల్లాంటి చారలు కనిపిస్తే ముద్రణ దోషం అనుకోవద్దు. బొమ్మను తెరకు తగ్గట్టు కుదించడం వల్ల వచ్చేవి అవి, పెద్దది చేస్తే పోతాయి. పది అంగుళాల టాబ్లెట్ ఉంటే రెండు రకాలూ హాయిగా చదువుకోవచ్చు. అమెరికన్ పేజీ కొలత మాంగా పేజీకంటే బాగా పెద్దది కాబట్టి ఫోన్‌లో కామిక్స్ చదవడం కంటికి శిక్షే.

కామిక్స్ అలవాటున్నవాళ్లు మాంగాలో దేనితో మొదలుపెట్టాలి

ప్లూటోతో. నవోకి ఉరసావా గీసిన ఈ 8 వాల్యూముల కథ తెజుకా ఆస్ట్రో బాయ్‌లోని ఒక ఘట్టాన్ని హత్యల దర్యాప్తుగా మార్చి చెబుతుంది. దర్యాప్తు చేసేవాడూ రోబోనే. గడులు నిలకడగా, చక్కగా ఉంటాయి కాబట్టి కుడి-ఎడమ అలవాటు చేసుకోవడానికి అనువైనది. ఆస్ట్రో బాయ్ ముందే చదివి ఉండాల్సిన పని లేదు. నచ్చితే అదే చేతి మాన్‌స్టర్‌కు వెళ్లండి.

సాహసం కావాలంటే ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్, 27 వాల్యూములు, 2010లో పూర్తయింది. వచ్చింది కుర్రాళ్ల మాసపత్రికలో, లోపల ఉన్నది యుద్ధం, ప్రభుత్వం చేసిన ఊచకోత, దాని పాపభారం. షోనెన్ (కుర్రాళ్లు), షోజో (అమ్మాయిలు), సీనెన్ (పెద్ద మగవాళ్లు), జోసెయి (పెద్ద ఆడవాళ్లు) అన్నవి పత్రిక ఎవరిని ఉద్దేశించిందో చెప్పే గుర్తులే తప్ప కథ రకాలు కావని దీంతోనే తెలుస్తుంది. 2003లో వచ్చిన యానిమే (జపాన్ యానిమేషన్) చూసి కథ తెలుసనుకునేవాళ్లకు ఒక మాట: అప్పటికి మాంగా పూర్తి కాలేదు, ఆ యానిమే వేరే దారి పట్టింది. మాంగాను అనుసరించింది 2009లోది.

డెత్ నోట్‌లో మాటలు ఎక్కువ, 12 వాల్యూములు. కామిక్స్ పాఠకులకు ఇట్టే పట్టుబడుతుంది. అకిరా 6 లావు వాల్యూములు, రెండు వేల పేజీలు పైన. నగరం కూలుతున్న పేజీల కోసమైనా పెద్ద సైజు ముద్రణ వెతకండి. ఎ సైలెంట్ వాయిస్ 7 వాల్యూములు. వినికిడి లేని అమ్మాయిని చిన్నప్పుడు ఏడిపించిన కుర్రాడు, పెద్దయ్యాక ఎవరి ముఖంలోకీ చూడలేడు. తాను దూరం పెట్టినవాళ్ల ముఖాల మీద గుణకారపు గుర్తు అతికించినట్టు గీస్తారు, ఎవరిది ఊడిందో గమనిస్తూ చదవండి. నెమ్మదిగా నడిచే మాంగా అంటే ఏమిటో తెలుసుకోవడానికి యోట్సుబా ఒక్క వాల్యూమ్ చాలు. ఐదేళ్ల పిల్ల రోజు గడవడం తప్ప అందులో ఇంకేం లేదు.

వన్ పీస్‌తో మాత్రం మొదలుపెట్టకండి. బాగోదని కాదు. 1997 నుంచి నడుస్తూ వంద వాల్యూములు దాటింది, మాంగా మీకు పడుతుందో లేదో తేలకముందే అంత బరువు ఎత్తుకోవడం ఎందుకు?

మాంగా అలవాటున్నవాళ్లు కామిక్స్‌లో

బోన్ పట్టుకోండి. జెఫ్ స్మిత్ ఒక్కడే రాసి గీశాడు, 1991 నుంచి 2004 దాకా 55 ఇష్యూలు, కథకు ముగింపు ఉంది. మొదట నలుపు తెలుపే, రంగులు తర్వాత వేశారు. మొత్తం ఒకే పుస్తకంగా వచ్చిన 1300 పైచిలుకు పేజీల నలుపు తెలుపు ముద్రణ మాంగా చదివే కంటికి ఇల్లు చేరినట్టుంటుంది. దాని తర్వాత హెల్‌బాయ్, 1994 నాటి సీడ్ ఆఫ్ డిస్ట్రక్షన్ నుంచి. మైక్ మిగ్నోలా నీడలు గీసే తీరు చూడటానికే కొందరు కొంటారు. సాగా 2012లో మొదలైంది, పెద్దవాళ్లకు మాత్రమే, పిల్లల చేతికి ఇవ్వకండి.

సూపర్‌హీరోల్లోకి వెళ్లాలనుకుంటే ఇయర్ వన్, ఆ తర్వాత ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్ 12 ఇష్యూలు. రెండింటికీ వెనకటి చరిత్ర తెలియక్కర్లేదు. వాచ్‌మెన్‌ను మొదటి పుస్తకంగా సూచించేవాళ్ల మాట నమ్మకండి. అది సూపర్‌హీరో కథల మీద విమర్శ, అసలు కథలు నాలుగైదు చదవకుండా విమర్శ చదివితే రుచి తెలియదు. శాండ్‌మ్యాన్ 75 ఇష్యూలు. తొలి ఇష్యూలు తడబడతాయి, చిత్రకారులు కూడా మారుతుంటారు. మృత్యుదేవత మొదటిసారి కనిపించే 8వ ఇష్యూ దాకా ఓపిక పట్టి అక్కడ నిర్ణయించుకోండి.

ముసుగు వీరులంటేనే గిట్టనివాళ్లకు మౌస్, పెర్సెపొలిస్. మొదటిది నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ తండ్రి కథ. యూదులను ఎలుకలుగా, నాజీలను పిల్లులుగా గీశాడు కొడుకు ఆర్ట్ స్పీగెల్‌మన్. 1992లో దానికి ప్రత్యేక పులిట్జర్ వచ్చింది. రెండోది ఇరాన్‌లో పెరిగిన మర్జానె సత్రాపి జ్ఞాపకాలు, మొదట ఫ్రెంచ్‌లో వచ్చింది. రెండూ నలుపు తెలుపే.

యూరప్ ఆల్బమ్‌లు మూడో దారి. పెద్ద కాగితం, గట్టి అట్ట, 48 పేజీలో 62 పేజీలో, కథ ఎక్కువగా ఒక పుస్తకంలోనే పూర్తవుతుంది. పేజీకి పన్నెండు గడులున్నా కళ్లు తిరగవు. టిన్‌టిన్ ఇన్ టిబెట్ ఒకటి, నీటిరంగుల డిటెక్టివ్ పిల్లి బ్లాక్‌శాడ్ ఒకటి చదివితే తక్కినవి మీరే వెతుక్కుంటారు.

ఎన్ని కొనాలన్నది చివరి సంగతి. పూర్తయిన కథలైతే ముందు రెండు వాల్యూములు తెచ్చుకోండి. మొదటిది పాత్రలను పరిచయం చేయడానికే సరిపోతుంది, కథ గుణం రెండోదానిలో తెలుస్తుంది. నడుస్తున్నవాటికి ఎక్కడ ఆగి ఉన్నాయో చూసుకోండి. సాగా 54వ ఇష్యూ తర్వాత 2018లో ఆగి 2022 జనవరిలో తిరిగి మొదలైంది. ఆ 54 ఇష్యూలు 9 వాల్యూములు కాబట్టి అక్కడిదాకా ఒక విడతగా పెట్టుకోవచ్చు. వాగబాండ్ 37 వాల్యూములకు చేరి 2015లో ఆగిపోయింది. కుంచె పనితనం కోసం దాన్ని చదివేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కథ ముగింపు కోసం చదివేవాళ్లు మాత్రం అదే చిత్రకారుడి స్లామ్ డంక్ తీసుకోవడం మేలు.